వేరు మిగిలిన చోట వసంతం

ఫాల్గుణ మాసం కృష్ణపక్షంలోకి ప్రవేశించేసరికి హైటెక్ సిటీ పరిసరాలలో ఎండ తన ప్రతాపాన్ని ఆరంభిస్తుంది. అద్దాల సౌధాలు సూర్యతాపాన్ని ప్రతిఫలించి వీధులలోకి విసురుతాయి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఇళ్ళ ముంగిళ్ళలోని లాన్‌కు రెండు పూటలా నీరు పెట్టినా దాని అంచులు పసుపుబారుతూనే ఉంటాయి. అదే ఇంటి పెరటిలో, ప్రహరీ గోడ పక్కన, ఎవరూ చెంబెడు నీరు పోయని మొరం మూలన మరొకటి జరుగుతుంది. చలికాలం చివర ఎండుపుల్లలవలె నిలిచిన బలుసు పొద కణుపు కణుపునా లేతాకు తొడుగుతుంది. ఇల్లు కట్టిన నాడు నేలమట్టంగా నరికిన తంగేడు మొదలు నుండి నాలుగు కొత్త కొమ్మలు లేస్తాయి. కలివి పొద ముళ్ళ నడుమ నక్షత్రాలవంటి తెల్లని పూలు విచ్చుకుని, మల్లెను తలపించే పరిమళాన్ని వెదజల్లుతాయి.

ఈ దృశ్యాన్ని చూసి ఆగేవారు కొందరే. తోటమాలిని పిలిచి ఆ మూలను శుభ్రం చేయించేవారు అనేకులు. పెరటిలో తిరిగి మొలిచిన పొదను ఏమి చేయాలన్నది పైకి ఉద్యానవన నిర్వహణకు సంబంధించిన అల్ప విషయంగానే తోస్తుంది. నిదానించి విచారిస్తే, అది గృహస్థధర్మానికీ, అంతకు మించి ఆత్మవిచారానికీ సంబంధించిన ప్రశ్న అని బోధపడుతుంది.

ముందుగా ఆ పొద ఎలా తిరిగి వచ్చిందో తెలుసుకోవాలి. సైబరాబాదు అని ఈనాడు పిలుస్తున్న ప్రాంతమంతా దాదాపు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల గ్రానైట్ శిలలపై నిలిచినది. శిల మీద మట్టి పలుచన. వర్షంలో అధికభాగం జ్యేష్ఠం నుండి భాద్రపదం వరకు నైరుతి ఋతుపవనాలతో వచ్చి పోతుంది. మిగిలిన నెలలలో ఆకాశం నుండి చుక్క రాలడం అరుదు. ఇట్టి నేలలో బ్రతుకనేర్చిన పొదలకు చిన్న ఆకులు, మందమైన తొక్క, ముళ్ళు, శిలల పగుళ్ళలోకి దిగే దీర్ఘమూలాలు ఏర్పడినవి. శీతకాలాంతంలో ఇవి చాలావరకు ఆకులను త్యజిస్తాయి. ఆకు ద్వారా నీరు ఆవిరి కావడం ఆగగానే, వేరు నుండి అందే కొద్దిపాటి తేమ కాండంలో నిలువ చేరుతుంది. పగటి కాలం పెరుగుతున్నదన్న సూచన అందిన తరువాత మొగ్గలు కదులుతాయి. అందుచేతనే ఉష్ణదేశపు మెట్టభూములలో అనేక వృక్షాలు, పొదలు వర్షం వచ్చిన పిమ్మట గాక, వర్షానికి రెండు నెలల ముందే, నేల అత్యంత శుష్కంగా ఉన్న వేళ చిగురిస్తాయి. తొలకరి పడేనాటికి వాటి ఆకులు పక్వమై సిద్ధంగా ఉంటాయి.

ఇందులో గమనింపదగిన అంశం ఒకటి ఉన్నది. వసంతంలో కనిపించే పచ్చదనానికి కారణం వసంతంలో కనిపించదు. కారణం భూగర్భంలో అవ్యక్తంగా ఉన్నది. త్యాగకాలంలో సంచితమైన రసమే వ్యక్తకాలంలో చిగురుగా ప్రకటమైనది. బతికుంటే బలుసాకు తినవచ్చునని తెలుగువారి సామెత. కరవు నాడు మనిషిని నిలిపిన ఆకు గనుకనే బలుసు ఆ సామెతలోకి ఎక్కినది. అయితే ఆ సామెతను మొదట ఆచరించినది బలుసు పొదే. ఉన్నదానితో ప్రాణం నిలుపుకొని, కాలం కలిసివచ్చే వరకు మౌనంగా ఉండడం దాని వ్రతం.

వృక్షం తిరిగి మొలవడాన్ని చూసి అత్యంత గంభీరమైన ప్రశ్న వేసినవాడు యాజ్ఞవల్క్యుడు. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయంలో విదేహాధిపతి జనకుని సభ జరుగుతుంది. బ్రహ్మవేత్తలందరూ ఒకరి తరువాత ఒకరు యాజ్ఞవల్క్యుని ప్రశ్నించి మౌనం వహిస్తారు. అప్పుడు ఆయనే వారిని ఎదురు ప్రశ్నిస్తాడు. మానవుడు వనస్పతి వంటివాడు, వాని రోమాలు ఆకులు, చర్మం బెరడు, రక్తం చెట్టు రసం, అస్థులు చేవ అని సామ్యం చూపుతాడు. నరికిన వృక్షం మూలం నుండి మరల నూతనంగా లేస్తుంది గదా, మృత్యువు నరికిన మానవుడు ఏ మూలం నుండి లేస్తాడు అన్నది ఆయన ప్రశ్న. వేరుతో సహా పెకలించిన వృక్షం మరల పుట్టదన్న హెచ్చరికను కూడా అక్కడే జోడిస్తాడు. సభలో ఎవరూ ఉత్తరం చెప్పలేదు. విజ్ఞానమూ ఆనందమూ అయిన బ్రహ్మమే ఆ మూలమని ఉపనిషత్తు తానే నిర్ణయిస్తుంది.

ఈ సంవాదాన్ని ఏళ్ళ తరబడి పారాయణ చేసినవారు కూడా అందులోని దృష్టాంతాన్ని కేవలం దృష్టాంతంగానే తీసుకుంటారు. దార్ష్టాంతికమైన ఆత్మతత్త్వం తెలిసిన తరువాత దృష్టాంతమైన చెట్టుతో పని లేదని భావిస్తారు. కానీ దృష్టాంతం ప్రత్యక్షంగా కనిపించే లోకంలో మాత్రమే ఉపనిషద్వాక్యం శ్రోత హృదయానికి తగులుతుంది. నరికిన మొదలు చిగురించడం ఎన్నడూ చూడని బాలునికి యాజ్ఞవల్క్యుని ప్రశ్న ఎట్లా అర్థమవుతుంది? ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడు ప్రాణవిద్యను ఉపదేశించి, ఈ విద్యను ఎండిన మోడుకు చెప్పినా కొమ్మలు పుట్టి ఆకులు మొలుస్తాయని దాని మహిమను కీర్తిస్తాడు. మోడు చిగురించడం నాటి శిష్యులకు నిత్యదృశ్యం. నానక్‌రామ్‌గూడలో పదిహేడవ అంతస్తులో పెరుగుతున్న బాలునికి అది వినికిడి మాత్రమే. శాస్త్రం మిగిలి, శాస్త్రం చూపించిన వస్తువు కనుమరుగైతే శ్రద్ధకు ఆధారం సన్నగిలుతుంది. పెరటిలోని పొదను నిలుపుకోవడం ఈ దృష్టితో చూస్తే స్వాధ్యాయంలో ఒక భాగమే.

ఈ నేలకు జరిగినది ఏమిటో కూడా చెప్పుకోవాలి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు మాదాపూర్ చుట్టూ ఉన్నవి బండరాళ్ళు, సీతాఫలం తోపులు, పశువులు మేసే కంచలు. కంచ అంటే దున్నకుండా పశువుల మేతకు విడిచిన బీడు. అందులో బలుసు, తంగేడు, రేగు, పరికి, వావిలి, జిల్లేడు వంటివి ఎవరూ నాటకుండానే పెరిగేవి. పశువులు కొరికినా, గ్రామీణులు వంటచెరకుకు నరికినా అవి తిరిగి వచ్చేవి. తంగేడు చరిత్ర ఇందుకు ఉత్తమ నిదర్శనం. దాని బెరడుతో దక్షిణ భారతమంతటా తోళ్ళు పదును చేసేవారు. కొమ్మలు నరికి చెక్క తీసుకునేవారు, పొద మరల చిగిర్చేది. తరతరాలుగా నరికినా తంగేడు నశించలేదు. నరికినవారు వేరును ముట్టుకోలేదు గనుక నశించలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే తంగేడును రాష్ట్రపుష్పంగా, జమ్మిని రాష్ట్రవృక్షంగా ప్రకటించారు. రెండూ నరికితే తిరిగి లేచే స్వభావం గలవే.

ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన మార్పు గొడ్డలికి సంబంధించినది కాదు. జేసీబీ వచ్చినది. ఒక భవనానికి మూడు నాలుగు అంతస్తుల సెల్లార్లు తవ్వుతారు. శిలను పేల్చి, మట్టిని లారీలకెత్తి, ఆ నేల గర్భంలో ఉన్న ప్రతి వేరునూ, ప్రతి విత్తనాన్నీ తరలిస్తారు. యాజ్ఞవల్క్యుడు పేర్కొన్న రెండవ స్థితి ఇదే. కొమ్మలు నరికిన యుగానికీ, మూలాన్ని పెకలించిన యుగానికీ మధ్య ఉన్న భేదం పరిమాణభేదం కాదు, జాతిభేదం. మొదటిదానికి వసంతం చికిత్స చేయగలదు. రెండవదానికి వసంతం కూడా నిస్సహాయం.

2025వ సంవత్సరంలో ఈ భేదం అందరి కళ్ళకూ కట్టినది. విశ్వావసు నామ సంవత్సరాది మార్చి 30న వచ్చినది. ఆ రోజులలోనే హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలోకి యంత్రాలు దిగినవి. విద్యార్థులు నిరసించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేయమని ఆదేశించినది. తరువాతి విచారణలో పచ్చదనాన్ని తిరిగి ఎలా నెలకొల్పుతారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగినది. ఆ భూమి ఎవరిది, దాని వినియోగం ఏమిటి అన్నవి న్యాయస్థానం తేల్చవలసినవి. జిజ్ఞాసువుకు అందులో కనిపించేది వేరొక పాఠం. ఊళ్ళన్నీ వేపపూత ఏరుకుంటున్న వారంలో, ప్రకృతి తనంత తాను చిగురిస్తున్న వారంలో, ఆ చిగురుకు మూలమైన నేలే కదిలినది. కంచ అన్న మాట ఆ ఊరి పేరులో మిగిలి ఉన్నందువల్లనైనా, పోతున్నది ఏమిటో అనేకులకు స్ఫురించినది.

కొత్తగూడ వద్ద గల కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానవనంలోను, జూబ్లీహిల్స్ నడుమ ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలోను, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను ఈ నేల పూర్వరూపాన్ని ఇంకా దర్శించవచ్చు. అయితే వాటి రక్షణ ప్రభుత్వాల చేతిలో, న్యాయస్థానాల చేతిలో ఉన్నది. గృహస్థుని చేతిలో ఉన్నది తన ఇంటి పెరడు మాత్రమే. ధర్మం ఎప్పుడూ తన చేతిలో ఉన్నదానితోనే ఆరంభమవుతుంది.

గృహస్థునకు శాస్త్రం పంచమహాయజ్ఞాలను విధించినది. బ్రహ్మయజ్ఞం, దేవయజ్ఞం, పితృయజ్ఞం, మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం అని అవి ఐదు. మొదటి నాలుగింటినీ ఏదో ఒక రూపంలో నేటి కుటుంబాలు నిలుపుకుంటున్నవి. పారాయణం ఉన్నది, పూజామందిరం ఉన్నది, ఆబ్దికం ఉన్నది, అతిథులకు భోజనం ఉన్నది. లోపించినది భూతయజ్ఞం. సకల ప్రాణులకు తన భాగం నుండి కొంత విడవడమే దాని సారం. పూర్వం ఇంటి బయట అన్నపు ముద్ద పెడితే అది పూర్తయ్యేది, ఏలనంటే పక్షులకు, కీటకాలకు ఉండే చోటు ఊరి చుట్టూ ఉండేది. నేడు ముద్ద ఉన్నది, చోటు లేదు. జిల్లేడు ఉంటేనే దాని ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక ఉంటుంది. తంగేడు జాతి మొక్కలు ఉంటేనే పచ్చని రెక్కల చిలుకలు గుడ్లు పెడతాయి. జిల్లేడు పూలకు పరాగసంపర్కం చేసే నల్లని పెద్ద తుమ్మెదకు ప్లాస్టిక్ పూలతో పని లేదు. అందుచేత ఈ కాలంలో భూతబలి అన్నమే కానక్కరలేదు. ఒక గజం నేలను దాని మానాన విడవడం కూడా భూతబలియే.

ఆ ఒక గజం విలువ అల్పం కాదు. 2023 ఆగస్టులో కోకాపేట భూముల వేలంలో ఎకరం ధర 100.75 కోట్ల రూపాయలు పలికినది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల రూపాయలకు పైమాటే. ఇట్టి చోట ఒక గజం నేలను పనికిరాని ముళ్ళపొదకు వదలడం అవివేకమని లోకం అంటుంది. అయితే ఖర్చు లేనిదానిని ఇస్తే అది దానం ఎట్లా అవుతుంది? తనకు విలువైనదని తెలిసి, ప్రతిఫలం రాదని తెలిసి విడిచినదే త్యాగం. రెండు లక్షల గజంలో బలుసు పొదను ఉండనిచ్చిన గృహస్థుడు ప్రతి ఉదయం కిటికీ తెరచినప్పుడల్లా తన త్యాగాన్ని ప్రత్యక్షంగా చూస్తాడు. అతడు చూసేది ఒక అసౌకర్యాన్ని కాదు, తన మమకారం తగ్గిన చోటును.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గుర్తించాలి. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్రపూజలో బృహతి, బదరి, అపామార్గం, సింధువారం, శమి, అర్కం అని భక్తితో నామాలు చెప్పి ఆకులు సమర్పిస్తారు. బృహతి ములక జాతి మొక్క, బదరి రేగు, అపామార్గం ఉత్తరేణి, సింధువారం వావిలి, శమి జమ్మి, అర్కం జిల్లేడు. ఇవన్నీ ఈ కంచ భూములలో తమంత తాము పెరిగినవే. భాద్రపదంలో వీటిని బజారులో కట్టల లెక్కన కొని స్వామి పాదాల వద్ద ఉంచే చేతులే, చైత్రంలో ఇవి పెరటిలో తలెత్తితే కలుపుమందు చల్లిస్తున్నవి. సంస్కృత నామంతో పిలిస్తే పూజాద్రవ్యం, తెలుగు నామంతో పిలిస్తే కలుపు అన్న భేదం భక్తికి శోభనివ్వదు. పత్రపూజ ఉద్దేశాలలో ఒకటి, ఏ ఆకు ఎక్కడ ఉన్నదో, ఎట్లా ఉన్నదో సంవత్సరానికి ఒకసారైనా మనిషి వెదికి గుర్తించడం. వెదకనక్కరలేకుండా ఇంటికే వచ్చిన పత్రాన్ని తరిమివేయడం ఆ ఉద్దేశానికి విరుద్ధం.

అట్లని తిరిగి మొలిచిన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. సాధనచతుష్టయంలో మొదటిది వివేకం. అది తోటలోనూ అవసరమే. రంగురంగుల గుత్తులతో ఆకర్షించే లంటానా, జనం తలంబ్రాల చెట్టని పిలుచుకునేది, అమెరికా ఖండపు మొక్క. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో అలంకారార్థం భారతదేశానికి తెచ్చినది. సర్కారు తుమ్మను అదే శతాబ్దిలో వంటచెరకు కోసం తెచ్చి నాటారు. వయ్యారిభామ గత శతాబ్దిలో వ్యాపించినది. ఇవి కూడా నరికితే తిరిగి వస్తాయి, తక్కినవాటిని అణచి వస్తాయి. అతిథి వచ్చి ఇంటివారిని వెళ్ళగొడితే అతడు అతిథి కాడు. మరోవైపు సీతాఫలం కూడా అమెరికా నుండి వచ్చినదే. శతాబ్దాలుగా ఈ కొండలలో కలిసిపోయి, తెలుగు పేరు ధరించి, ఎవరినీ వెళ్ళగొట్టక కాయలిస్తున్నది. కనుక స్వదేశం, విదేశం అన్న మాటల కంటే సహవాసయోగ్యత ప్రధానం. ఏది ఇతరులను బ్రతకనిస్తుంది, ఏది బ్రతకనీయదు అని తెలుసుకుని లంటానా పిలకను తీసి, బలుసు పిలకను ఉంచడానికి ఒక వసంతం పాటు శ్రద్ధగా గమనిస్తే చాలును.

గృహస్థుల ఆక్షేపాలు కొన్ని ఉన్నవి. అవి త్రోసిపుచ్చదగినవి కావు. పొదలో పాములు చేరతాయన్న భయం మొదటిది. పిల్లలున్న ఇంట అది న్యాయమైన భయమే. పొద మొదలు కనిపించేలా అడుగు కొమ్మలను కత్తిరించి, కింద చెత్త, రాళ్ళకుప్పలు లేకుండా చూచి, గుమ్మానికి దూరంగా ఉన్న మూలను ఎంచుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. జిల్లేడు పాలు కంటికి హానికరం, కనుక పసిపిల్లలు ఆడే చోట దానిని ఉంచకపోవడం మంచిది. ధర్మాచరణలో దేశకాలపాత్రాల విచారణ ఎప్పుడూ ఉన్నదే.

రెండవ ఆక్షేపం వాస్తువుకు చెందినది. ముళ్ళ మొక్కలు, పాలుగారే మొక్కలు ఇంట ఉండరాదని పెద్దలు చెబుతారు. ఈ మాటకు ఆధారం ఉన్నది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయంలో ఇంటికి చేరువలో కంటకవృక్షాల వల్ల శత్రుభయం, క్షీరవృక్షాల వల్ల ధననాశం కలుగుతాయన్నాడు. అయితే అదే వాక్యంలో ఫలవృక్షాలను కూడా దోషయుక్తమన్నాడు. మామిడి, జామ, సపోటా లేని పెరడు తెలుగునాట అరుదు. వాటిని ఎవరూ ఆ శ్లోకం చూపి నరికించరు. వరాహమిహిరుడు అంతటితో ఆగలేదు. ఆ చెట్లను నరకదలచని పక్షంలో వాటి నడుమ పున్నాగ, అశోక, వకుళ, పనస, శమి మొదలైన పూజ్యవృక్షాలను నాటమని మరుసటి శ్లోకంలో పరిహారం చెప్పాడు. ముళ్ళు గల శమి, పండ్లు గల పనస ఆ పూజ్యుల జాబితాలోనే ఉన్నవి. అంటే శాస్త్రమే నరకడానికి ప్రత్యామ్నాయాన్ని ఇచ్చినది. నిషేధాన్ని మాత్రమే వల్లించి పరిహారాన్ని మరచిపోవడం శాస్త్రవిధేయత అనిపించుకోదు.

ఆ గ్రంథంలోనే దకార్గళమనే అధ్యాయం భూగర్భజలాన్ని గుర్తించే విద్యను చెబుతుంది. పుట్ట పక్కన వావిలి పొద ఉంటే, రేగు ఉంటే, నీరు ఏ దిక్కున ఎంత లోతున ఉంటుందో అందులో నిర్దేశించాడు. ఆయన కొలతలు నేటి శిలాభూమికి సరిపోతాయా అన్నది వేరే విచారణ. పొద అంటే నేల లోపలి స్థితిని పైకి చెప్పే వాక్కు అన్న దృష్టి అందులో ప్రధానం. వందల అడుగుల బోరు వేసి, అది ఎండితే ట్యాంకరు నీటితో లాన్‌ను తడిపే నగరంలో, తడపకుండానే పచ్చబడిన పొదను కలుపు అనడం ఆ వాక్కును వినిపించుకోకపోవడమే.

మూడవ ఆక్షేపం సాధకులది, అదే అన్నిటికంటె లోతైనది. శాస్త్రం మూలాన్ని ఛేదించమన్నది గదా, మూలాన్ని కాపాడమనడం విపరీతం కాదా అని వారు అడుగవచ్చు. భగవద్గీత 15వ అధ్యాయం సంసారాన్ని ఊర్ధ్వమూలమైన అశ్వత్థంగా వర్ణించి, బలంగా వేళ్ళూనిన ఆ వృక్షాన్ని అసంగమనే శస్త్రంతో ఛేదించమని చెబుతుంది. వాసనలు కూడా పొదల వంటివే. పైపైన నరికితే అనుకూల ఋతువులో మరల చిగురిస్తాయి. వాటి బీజం జ్ఞానాగ్నిలో దగ్ధం కానిదే విముక్తి లేదని యోగశాస్త్రం, వేదాంతం ఏకకంఠంతో చెబుతున్నవి.

ఈ ఆక్షేపానికి సమాధానం ఆ పెరటిలోనే లభిస్తుంది. అక్కడ మూలాలు రెండు ఉన్నవి. ఒకటి నేలలో ఉన్న బలుసు వేరు. రెండవది గృహస్థుని అంతఃకరణంలో ఉన్న మమకారపు వేరు. ఈ నేల నాది, ఇందులో నేను కోరినదే మొలవాలి, కోరనిది మొలవరాదు అన్న సంకల్పమే ఆ రెండవ వేరు. జేసీబీని పిలిచేది అదే, కలుపుమందు కొనేది అదే. అసంగశస్త్రం పడవలసినది దాని మీద. విచారించే ఓపిక లేనివాడు లోపలి వేరును వదలి, బయటి వేరును పెకలించి, శుభ్రం చేశానని తృప్తి పడతాడు. లోపలి వేరు తెగినవానికి బయటి వేరు అడ్డు కాదు. అరణ్యంలో ఋషులు పొదలను పెరికి ఆశ్రమాలు చదును చేసుకోలేదు, పొదల నడుమ కూర్చుని తమను తాము చదును చేసుకున్నారు.

అద్వైతసిద్ధాంతంలో మరొక సూక్ష్మం ఉన్నది. మోక్షం ఉత్పాద్యం కాదని, కర్మ చేత పుట్టించేది కాదని శంకరభగవత్పాదులు నిర్ణయించారు. ఉన్నదానిని కప్పిన ఆవరణం తొలగడమే మోక్షం. పతంజలి కూడా కైవల్యపాదంలో కర్షకుని ఉపమానంగా చెప్పాడు. రైతు నీటిని సృష్టించడు, నెట్టడు, గట్టు తొలగిస్తాడు, నీరు తన స్వభావంతోనే మడిలోకి పారుతుంది. పెరటిలో తిరిగి వచ్చే పొద ఈ సిద్ధాంతానికి నిత్యనిదర్శనం. దానిని ఎవరూ నాటలేదు. దాని వసంతాన్ని ఎవరూ ఏర్పాటు చేయలేదు. సిమెంటు పలక ఒకటి తొలగిస్తే, మందు చల్లడం ఆపితే, చదును చేయడం మానితే, ఉన్నది పైకి వస్తుంది. కర్తృత్వాభిమానం గల తోటమాలి ప్రతి మొక్కను చూపి నేను పెంచానంటాడు. ఈ మూలన అట్లా చెప్పుకునే అవకాశమే లేదు. నేను చేయలేదు, నేను ఆపలేదు అన్నదే అక్కడ చెప్పగల మాట. ఆ మాట నిజంగా పలుకగలిగిన నాడు సాధకుడు చాలా దూరం నడిచినట్లే.

కనుక వచ్చే ఉగాదికి సైబరాబాదు గృహస్థుడు చేసుకోదగిన సంకల్పం ఒకటి ఉన్నది. అది వ్యయసాధ్యం కాదు, శ్రమసాధ్యం కూడా కాదు. పెరటిలో ఒక గజం నేలను ఒక సంవత్సరం పాటు చదును చేయకుండా, తడపకుండా, మందు చల్లకుండా విడవాలి. అపార్ట్‌మెంటులో నివసించేవారు ప్రహరీ వెంట ఉన్న పట్టీలో అంతపాటి చోటును సంఘంతో మాట్లాడి విడిపించవచ్చు. లంటానా వస్తే తీయాలి. తక్కినది ఏది వచ్చినా దాని పేరు తెలుసుకోవాలి. ఆ పేరును ఇంట్లోని పిల్లలకు చెప్పాలి. నేల లోపల వేరు మిగిలి ఉంటే పొద వస్తుంది. సెల్లారు తవ్వకంలో వేరు పూర్తిగా పోయి ఉంటే రాదు. రాకపోతే, పోయినది ఏమిటో ఆ ఖాళీ గజమే చెబుతుంది. అప్పుడు సమీపంలోని కంచలో రాలిన గింజలను తెచ్చి చల్లి, తొలకరి కోసం వేచి ఉండవచ్చు.

వస్తే మాత్రం, ఒక చైత్రప్రభాతాన పంచాంగశ్రవణానికి ముందో తరువాతో, పిల్లవానిని ఆ మూలకు తీసుకువెళ్ళి ఎండిన మోడు మీది లేతాకును చూపవచ్చు. ఇది ఎక్కడి నుండి వచ్చినది అని వాడు తప్పక అడుగుతాడు. జనకుని సభలో విద్వాంసులకు ఉత్తరం దొరకని ప్రశ్న అదే. వానికి వెంటనే సమాధానం చెప్పనక్కరలేదు. ఆ ప్రశ్న వానిలో వేరూనితే చాలును.

స్వస్తి.